తేడా కొట్టిన నాలుగడుగులు

పార్కులో ఒక అమ్మాయి తననే అదే పనిగా చూస్తోందని డ్రిల్ మాస్టారు రెండో చుట్టులో కనిపెట్టాడు.

మూడో చుట్టులో జుట్టు సర్దుకున్నాడు. నాలుగో చుట్టులో పొట్ట లోపలికి పీల్చాడు. ఆ అమ్మాయి బెంచీ మీద కూర్చుని ఉంది. చేతిలో సగం కొరికిన యాపిల్. దాన్ని తినడం కూడా మర్చిపోయి చూస్తోంది.

స్కూల్లో పిల్లల చేత డ్రిల్ చేయించడం అతని ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో ఈల ఊదే మనిషి వంక ఇంత శ్రద్ధగా చూసిన ఆడపిల్ల ఇంతవరకూ లేదు. అక్క తెచ్చిన సంబంధాల వాళ్ళు కూడా ఫొటో ఒకసారి చూసి, జీతం రెండుసార్లు అడిగి వెళ్ళిపోయేవాళ్ళు.

అయిదో చుట్టులో ధైర్యం తెచ్చుకుని బెంచీ దగ్గర ఆగాడు.

"ఏవండీ, నాతో ఏమైనా మాట్లాడాలా?"

"అవునండీ. ఎంతకాలం నుంచి?" అంది ఆ అమ్మాయి.

"ఏది?"

"ఎడమ మడమ నొప్పి."

మాస్టారు వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. "నాకేం నొప్పి లేదే."

"మీకు లేదేమో. మీ ఎడమ కాలికుంది. నేల మీద ఆనీ ఆనకముందే లేచిపోతోంది. పాపం, కుడికాలే అంతా మోస్తోంది."

"అంటే మీరు ఇందాకట్నుంచి చూస్తున్నది..."

"కాళ్ళే. ఇంకేం చూస్తానండీ?"

మాస్టారు పీల్చిన పొట్ట వదిలేశాడు. ఆ అమ్మాయి అది కూడా గమనించి, మర్యాదగా యాపిల్ కొరికింది.

ఆమె ఫిజియో. ఆ పక్క వీధిలో ఉన్న క్లినిక్‌లో పని చేస్తుంది. అక్కడ ఒక చిన్న పరుగు ల్యాబ్ నడుపుతోంది. ఒక కాలికి మడమ పైన నొప్పి ఉండి, అయినా పరుగు మానని మొండి మనుషుల కోసం వెతుకుతోందట. రెండు కాళ్ళ మీదా బరువు ఎంత తేడాగా పడుతుందో కొలుస్తుంది. ఆ కొలతని బట్టి ఎక్సర్‌సైజులు ఇస్తుంది.

"మొండి మనుషులే కావాలా?" అన్నాడు మాస్టారు.

"బుద్ధిమంతులైతే ఈపాటికే మానేసుండేవాళ్ళు. శనివారం రండి."

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టు, శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడికని అక్క అడిగితే, "సైన్సుకి సాయం చేద్దామని" అన్నాడు. తల్లి లేని ఇంట్లో అతన్ని పెంచింది అక్కే. నమ్మినట్టు తలూపింది.

*

ల్యాబ్ అంటే ఒకే గది. మధ్యలో ట్రెడ్‌మిల్, దాని బెల్టు కింద బరువు తూచే పలకలు, ముందు ఒక కెమెరా, కెమెరా పక్కనే టేబుల్ మీద ల్యాప్‌టాప్. టేబుల్ వెనక గోడకి ఒక అద్దాల బీరువా. అందులో పాదాల ఎముకల బొమ్మలు వరసగా ఉన్నాయి.

"షూస్ విప్పండి. సాక్స్ కూడా."

మాస్టారు షూస్ విప్పాడు. ఇస్త్రీ చొక్కా సంగతి గుర్తుంది కానీ సాక్స్ సంగతి గుర్తు లేదు. కుడి సాక్‌లోంచి బొటనవేలు బయటికి వచ్చి గదంతా కలియజూస్తోంది.

"ఇది కూడా టెస్టుకి వచ్చిందా?" అంది ఫిజియో.

అతను కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు. మొదటి రోజే పరువు బొటనవేలు దారిన బయటపడింది.

ఆమె మడమల పైన చల్లటి జెల్ రాసి, స్కానింగ్ పరికరం ఆనించి, స్క్రీన్ మీద చూపించింది. "ఇది కుడి. ఇది ఎడమ. ఎడమది ఎంత లావెక్కిందో చూశారా?"

"నరం వాచిందాండీ?"

"నరం కాదు, టెండన్. పిక్క కండని మడమ ఎముకకి కట్టిన తాడు అనుకోండి. పరిగెత్తేటప్పుడు ఒక్కో అడుగుకీ దాని మీద మీ బరువుకి ఆరేడు రెట్లు పడుతుంది."

"అంత మోస్తుందా?"

"మోస్తుంది. సాగుతుంది, మళ్ళీ బిగుసుకుని మిమ్మల్ని ముందుకి తోస్తుంది. నొప్పి పుడితే మాత్రం ఆ కాలు తెలివిమీరిపోతుంది. నేలని గట్టిగా తన్నదు. దాని వాటా కూడా రెండో కాలే చేస్తుంది. ఎక్కండి, చూద్దాం."

అతను పరిగెత్తాడు. స్క్రీన్ మీద రెండు లావుపాటి నిలువు గీతలు లేచాయి. కుడికాలిది పసుపు, ఎడమకాలిది నీలం. పసుపు గీత నిటారుగా నిలబడింది. నీలం గీత, డ్రిల్‌కి డుమ్మా కొట్టి చివర్లో వచ్చి నిలబడ్డ కుర్రాడిలా, దాని భుజం దాకా కూడా రాలేదు.

డ్రిల్ మాస్టారు తల దించుకున్నాడు. పని ఎగ్గొట్టే పిల్లల్ని రోజూ గ్రౌండు చుట్టూ పరిగెత్తించే మనిషి కాలే పని ఎగ్గొడుతోంది. అదీ ఈ అమ్మాయి ముందు.

"సిగ్గుపడకండి," అంది ఫిజియో. "రెండు కాళ్ళూ అచ్చం ఒకేలా ఉన్న మనిషి ఇంతవరకూ ఈ బెల్టు ఎక్కలేదు. తేడా అందరికీ ఉంటుంది. ఎంత ఉందన్నదే లెక్క."

అతనికి మొదటి మాట ఒక్కటే వినపడింది. సిగ్గుపడకండి అన్నారంటే సిగ్గుపడే విషయమేనని తీర్మానించుకున్నాడు. మిగతాది చెవికెక్కి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

ఆమె ఎక్సర్‌సైజు నేర్పింది. మెట్టు అంచు మీద మునివేళ్ళతో నిలబడాలి. మెల్లగా మడమ లేపాలి, ఇంకా మెల్లగా దించాలి. వీపున బరువు సంచీ. "గీతలు దగ్గరయ్యే కొద్దీ బరువు పెంచుతాను. తొందరపడకండి. టెండన్‌కి తొందర గిట్టదు."

*

తర్వాతి టెస్టుకి వెళ్ళేసరికి స్క్రీన్ ఆమె వైపు తిప్పి ఉంది.

"నాకు కనపడదా?" అన్నాడు మాస్టారు.

"మీరు చూస్తే మీ కాళ్ళు నాటకాలాడతాయి. ఎదురుగా చూస్తూ మామూలుగా పరిగెత్తండి."

అతను ఎదురుగా చూశాడు. ఎదురుగా ఫిజియో, ఆమె వెనక అద్దాల బీరువా. బీరువా అద్దంలో, ఎముకల బొమ్మల మధ్యన, పసుపు గీత, నీలం గీత. స్పష్టంగా.

నీలం ఇంకా పొట్టిగానే ఉంది.

అతను ఎడమకాలితో నేలని కసిగా తన్నాడు. నీలం లేచింది. మడమ పైన సూది దిగినట్టయింది. ఇంకోసారి తన్నాడు. ఇంకొంచెం లేచింది. దొంగకి తేలు కుట్టినట్టు, అరవడానికి లేదు, ఆగడానికి లేదు. మొహాన నవ్వొకటి పులుముకుని అద్దంలోకి కళ్ళప్పగించి పరిగెత్తాడు.

ఫిజియో ఒకసారి తలెత్తింది. మాస్టారు చూపు సరిగ్గా తన వైపే ఉంది. రెప్ప కూడా వెయ్యడం లేదు. ఆమె కీబోర్డు వంక చూసింది. మళ్ళీ తలెత్తింది. చూపు అక్కడే ఉంది. ఆమె చెవులు వేడెక్కాయి.

"ఏంటండీ అలా చూస్తున్నారు?"

"ఏం లేదండీ. మీరే ఎదురుగా చూడమన్నారు కదా."

టెస్టు అయ్యాక ఆమె స్క్రీన్ వంక చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది. "మాస్టారూ, తేడా సగానికి సగం తగ్గిపోయింది. ఇంత తొందరగా ఎవరికీ తగ్గలేదు."

ఆ సంతోషం చూశాక అతనికి నిజం గొంతులోనే కూర్చుండిపోయింది. ఈసారికి ఇలా కానిద్దాం, వచ్చేసారి చెప్దాం అనుకున్నాడు. వచ్చేసారి గీతలు ఇంకా దగ్గరయ్యాయి. ఆమె ఇంకా సంతోషపడింది. సంచీలో బరువు పెంచింది. ఇంటి దగ్గర అతను గోడ పట్టుకుని మెట్లు దిగడం మొదలైంది.

"ఒక్కటే అర్థం కావట్లేదు," అందామె ఒక రోజు. "గీతలు చక్కగా కలిసి వెళ్తున్నాయా, మధ్యలో అక్కడక్కడ ఒక నాలుగడుగులు తేడా కొడుతున్నాయి. ఎడమకాలు పాత బుద్ధి చూపిస్తోంది. మళ్ళీ సర్దుకుంటోంది. ప్రతి టెస్టులోనూ ఇదే."

మాస్టారు షూ లేసు కట్టుకుంటూ, కట్టిన ముడినే మళ్ళీ విప్పాడు. "బెల్టు తప్పేమోనండీ."

"అయ్యుంటుంది. పాతది కదా."

ఆ రోజు బయటికొచ్చేసరికి వాన. క్లినిక్ ముందు చిన్న రేకుల పంచ. బస్టాపు వీధి అవతల కనపడుతూనే ఉంది.

"ఒక్క పరుగు తీస్తే చాలు. మీరెలాగూ రన్నరు," అంది ఫిజియో, బ్యాగు తల మీద పెట్టుకుని.

అప్పుడే పరీక్షలో పరిగెత్తొచ్చిన ఎడమకాలు నేల మీద ఆనడానికే ఒప్పుకోవడం లేదు. "కాసేపు నిలబడదామండీ," అన్నాడతను. "వాన బాగుంది కదా."

ఆమె అతని వంక వింతగా చూసి, బ్యాగు దించుకుంది. నిలబడ్డారు. పంచ చిన్నది, జల్లు పెద్దది. ఆమె అరడుగు ఇటు జరిగింది. ఒక బస్సు వచ్చి వెళ్ళింది. ఇంకో బస్సు వచ్చి వెళ్ళింది. ఇద్దరూ వాటిని చూడనట్టే ఉన్నారు.

"మీలాంటి వాళ్ళు వాన చూస్తారనుకోలేదు," అంది ఆమె, నీళ్ళ వంక చూస్తూ.

అతనికి ఆమె చెంప మీద వాలిన చినుకు తుడవాలనిపించింది. నోరు విప్పి కాలు సంగతి చెప్పాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. అంత మంచి వాన సిగ్గుతోనే గడిచిపోయింది.

వాన తగ్గాక ఆమే చెప్పింది. "సోమవారం మా పెద్ద డాక్టరుగారికి రిజల్ట్స్ చూపించాలి. ల్యాబ్ ఉంచాలా, మూసేసి ఆ గదిలో ఎక్స్‌రే మెషీన్ పెట్టాలా అన్నది ఆ రోజే తేలుస్తారు. అందరికంటే ముందు మీ గ్రాఫే పెడుతున్నాను. నా పరువు మీ కాళ్ళ మీదుంది మాస్టారూ."

"శనివారం మా స్కూల్లో స్పోర్ట్స్ డే. మీరు రావాలి," అన్నాడతను. అది తప్ప ఇంకేం అనాలో తోచలేదు.

"వస్తాను. మీరు స్టాఫ్ రిలే పరిగెత్తండి. పర్మిషన్ ఇచ్చేశాను."

*

స్పోర్ట్స్ డే నాడు ఫిజియో షామియానా కింద అక్క పక్కన కూర్చుంది. ఇద్దరూ అప్పుడే తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకోవడం దూరం నుంచి చూసి మాస్టారు సగం సంతోషించాడు, సగం భయపడ్డాడు.

మొదటి ఐటమ్ నాలుగో తరగతి మార్చ్ పాస్ట్. నెల రోజులు అతనే నేర్పాడు. నేర్పే పద్ధతి చాలా సులువు. తను ముందు నడిచేవాడు, "నన్ను చూసి నాలాగే నడవండి" అనేవాడు. పిల్లలు వెనక నడిచేవాళ్ళు. వెనక ఎలా నడుస్తున్నారో ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. ఇవాళ మాత్రం ముందు హెడ్ మేడమ్ జెండా పట్టుకుని నిలబడింది కాబట్టి, అతను పక్కన ఈల పట్టుకుని నిలబడ్డాడు.

ఈల ఊదాడు. పిల్లలు కదిలారు.

కుడికాలు, టక్. ఎడమకాలు, ఆనీ ఆనకుండా, టుక్. కుడి భుజం కిందికి, ఎడమ భుజం పైకి. టక్, టుక్. టక్, టుక్. తరగతి తరగతంతా, ఒక్క తప్పు లేకుండా, ఒకే తాళంలో కుంటుతూ వస్తోంది. డ్రమ్ము వాయించే పాప వాళ్ళ కాళ్ళకి తగ్గట్టు వాయిస్తోంది. ఢం, డిం. ఢం, డిం.

షామియానాలో ముందు ఒకాయన నవ్వాడు. తర్వాత వరసంతా నవ్వింది.

"వీళ్ళందరికీ ఒకేసారి షూస్ కరిచాయా ఏంటి?" అన్నాడెవరో.

"ఏంటి మాస్టారూ ఇది, కొత్త స్టైలా?" అంది హెడ్ మేడమ్, పళ్ళ బిగువున.

ముందు వరసలో పిల్లలు అతని ముందు నుంచి వెళ్తూ సెల్యూట్ కొట్టారు. వాళ్ళ మొహాలు వెలిగిపోతున్నాయి. "సార్, అచ్చం మీలాగే," అన్నాడొకడు, పెదాలు కదపకుండా.

డ్రిల్ మాస్టారు చేతిలో ఈల ఉంది. ఊదితే మార్చ్ ఆగుతుంది. ఊదలేదు. పిల్లల తప్పేముంది? వాళ్ళు చూసినదే నేర్చుకున్నారు. భూమి చీలిపోతే ఆ గ్రౌండులోనే దిగిపోయేవాడు.

అప్పుడు షామియానా వైపు చూశాడు. అందరూ నవ్వుతున్నారు. ఫిజియో నవ్వడం లేదు. ముందుకి వంగి, పిల్లల ఎడమ మడమల వంకే చూస్తోంది.

మార్చ్ అయ్యాక ఆమె నీళ్ళ డ్రమ్ము దగ్గరికి నడిచొచ్చింది. అతను అక్కడ ఊరికే గ్లాసు కడుగుతూ నిలబడ్డాడు.

"ఇది పార్కులో నేను చూసిన నడక," అంది. "మొదటి రోజుది. పిల్లలకి ఎప్పుడు నేర్పారు?"

"ఈ నెలలో."

"ఈ నెలలో మీ రెండు కాళ్ళూ సమానం. నా గ్రాఫ్‌లో అలాగే ఉంది."

అతను గ్లాసు కింద పెట్టాడు. "నొప్పి తగ్గలేదండీ. ఎక్కువైంది. బీరువా అద్దంలో గీతలు కనపడేవి. నీలం గీత పెరిగేదాకా బలవంతంగా తన్నేవాణ్ణి."

"బీరువా అద్దంలో."

"అవునండీ."

"అంటే పరిగెడుతున్నంతసేపూ మీరు చూసింది బీరువాని."

"అవునండీ," అన్నాడతను. ఇంత పెద్ద తప్పు ఒప్పుకుంటుంటే ఆమె బీరువా దగ్గర ఎందుకు ఆగిందో అతనికి అర్థం కాలేదు.

ఆమె మొహం ఎర్రబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయో, ఎండ పడిందో తెలియలేదు. "ఆ టెండన్ మీద నేను వారం వారం బరువు పెంచాను," అంది. "ఇంకొంచెం అయితే తెగిపోయేది. నా చేతులతో. రిలే పరిగెత్తకండి, అదొక్కటి వినండి." అని వెళ్ళిపోయింది. అక్కకి కూడా చెప్పకుండా వెళ్ళింది.

*

ఇంటికొచ్చాక అక్క ఐస్ ముక్కలు గుడ్డలో కట్టి అతని కాలి దగ్గర పెట్టింది.

"నువ్వు గోడ పట్టుకుని మెట్లు దిగడం నాకు తెలీదనుకున్నావా?"

"మరి అడగలేదేం అక్కా?"

"నువ్వే చెప్తావని చూశా. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని దాచుకున్నావు. ఇప్పుడు చూడు, ఎవరి కాళ్ళ మీద పడిందో. ఆ పిల్ల ఉద్యోగం మీద పడింది."

"తనకి నేను కుంటివాడిలా కనపడకూడదనుకున్నా."

"ఒరేయ్, ఆ పిల్ల నిన్ను మొదటిసారి చూసిందే కుంటుతుంటే కదరా."

ఈ సంగతి అతనికి ఇంతవరకూ తట్టలేదు.

అక్క ఐస్ మూట సర్దుతూ అంది. "నా పక్కన కూర్చుని ఏమడిగిందో తెలుసా? 'మీ తమ్ముడుగారికి కళ్ళు పక్కకి తిప్పడం రాదాండీ, పరిగెడుతున్నంతసేపూ నా వంకే చూస్తారు' అంది. ఫిర్యాదు చేస్తున్నట్టే అంది కానీ, మొహంలో ఫిర్యాదు లేదు."

ఐస్ చల్లదనం కాలికి తెలియలేదు. నీళ్ళ డ్రమ్ము దగ్గర ఆమె ఎందుకు బీరువా దగ్గర ఆగిందో అప్పుడు వెలిగింది. అబద్ధపు గీతలకి ఒక సిగ్గు. కుంటిన మార్చ్‌కి ఒక సిగ్గు. తన చూపుని ఒక ఆడపిల్ల ముచ్చటపడి దాచుకుంటే, అది బీరువా కోసమని చెప్పి వచ్చినందుకు ఈ రెండిటినీ మించిన సిగ్గు. దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. లాక్కున్నా అది పోలేదు.

*

సోమవారం పొద్దున క్లినిక్ తలుపులు తీసేసరికి అతను మెట్ల మీద ఉన్నాడు.

ల్యాబ్‌లో ఫిజియో కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. జుట్టు గట్టిగా ముడి వేసుకుంది. తలెత్తలేదు.

"మీటింగ్ ఇంకాసేపట్లో. మీ గ్రాఫ్ తీసేశాను. మీకు వేరే ఫిజియోని చూస్తాను."

"నా వల్ల ల్యాబ్ పోతుంది."

"మీ ఒక్కరి వల్లే కాదు." ఆమె కుర్చీ ఇటు తిప్పింది. "స్కానింగ్‌లో మీ ఎడమ టెండన్ లావు ఏమాత్రం తగ్గలేదు. వారం వారం చూస్తూనే ఉన్నా. వాపు ఆలస్యంగా తగ్గుతుందిలే అని నాకు నేనే చెప్పుకున్నా. పార్కులో ముక్కూ మొహం తెలీని మనిషి నడక అంత దూరం నుంచి పట్టుకున్నదాన్ని, గదిలో ఎదురుగా ఉంటే పట్టుకోలేకపోయా. ఎందుకో తెలుసా? నేను చూడాల్సింది మీ కాళ్ళని. చూసింది మొహాన్ని. ఫిజియోనై ఉండి."

అన్నాక ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది.

మాస్టారు గుమ్మంలోనే నిలబడ్డాడు. మార్చ్ ముందు ఈల ఊదడానికి కూడా ఇంత ఊపిరి తీసుకోలేదు.

"నేను బీరువా చూసిన మాట నిజమేనండీ. కానీ ఆ నాలుగడుగులు..."

"ఏ నాలుగడుగులు?"

"అక్కడక్కడ తేడా కొడుతున్నాయన్నారు కదా. బెల్టు తప్పన్నాను. బెల్టు తప్పు కాదు."

ఆమె చేతులు కొంచెం దించింది.

"మీరు తలెత్తి చూసేవాళ్ళు చూడండి, మధ్యమధ్యలో. అప్పుడు బీరువా, గీతలు, ఏవీ గుర్తుండేవి కావు. మీ వంకే చూసేవాణ్ణి. కాలు దాని ఇష్టం వచ్చినట్టు పడేది. మీరు కిందికి చూడగానే మళ్ళీ అద్దం చూసి సర్దుకునేవాణ్ణి."

ఫిజియో కంప్యూటర్ వైపు తిరిగింది. ఎంతైనా ఫిజియో. మాట మీద నమ్మే పొరపాటు రెండోసారి చెయ్యదు. కెమెరా వీడియో ఒక పక్కా, గ్రాఫ్ ఒక పక్కా పెట్టింది. మొదటి తేడా దగ్గర ఆపింది. వీడియోలో మాస్టారు కళ్ళు బీరువా ఎత్తు నుంచి ఒక్క అంగుళం కిందికి దిగాయి. బిగబట్టిన మొహం వదులైంది. నొప్పిని దాచే నవ్వు పోయి, ఉత్త నవ్వొకటి వచ్చింది. ఎడమకాలు మెల్లగా, భయంభయంగా పడింది.

రెండోది చూసింది. మూడోది చూసింది. పాత టెస్టు తెరిచి అందులోనివీ చూసింది. అన్ని చోట్లా అంతే.

"ఈ గ్రాఫులన్నిట్లో నిజమంటూ ఉన్నది ఈ నాలుగడుగులే," అంది, స్క్రీన్ వంకే చూస్తూ.

"అవునండీ," అన్నాడతను. "మీరంటే ఇష్టమండీ. కాలు బాగయ్యాక చెప్దామనుకున్నా. అది బాగయ్యేలా లేదు, అందుకని ఇప్పుడే చెప్తున్నా."

ఆమె లేచి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, అతని పక్క నుంచి తలుపు దాకా వెళ్ళి ఆగింది. "ఎక్కడికీ వెళ్ళకండి. నిలబడకండి కూడా. కూర్చోండి."

అతను కూర్చున్నాడు. ఎదురుగా బీరువా అద్దంలో తన మొహమే కనపడుతోంది. చూడబుద్ధి కాలేదు.

ఆమె తిరిగొచ్చేసరికి ముడి సగం ఊడిపోయి ఉంది.

"ఏమన్నారండీ?"

"అంతా చెప్పేశాను. పేషెంటు అద్దంలో చూసి గీతలు కలిపాడు, నేను పట్టుకోలేకపోయాను అని. అందరి ముందూ చీవాట్లు పెట్టారు. పడ్డాను. తర్వాత ఈ నాలుగడుగులు చూపించాను. మనిషి ధ్యాస మళ్ళితే కాలు నిజం చెప్తుంది, ఇక మీద టెస్టులు అలాగే చేస్తాను అన్నాను. ఆరు నెలలు చూస్తామన్నారు."

"అయితే ల్యాబ్ ఉంది."

"ఉంది. కానీ పెద్ద డాక్టరుగారు ఒక ప్రశ్న వేశారు." ఆమె గొంతు సన్నబడింది. "'ఆ నాలుగడుగుల్లో పేషెంటు ధ్యాస ఎటు మళ్ళిందమ్మా?' అని. గదినిండా డాక్టర్లు."

"ఏం చెప్పారు?"

"ఏం చెప్తాను? నిలబడ్డాను. ఆయన వీడియో చూశారు, నా మొహం చూశారు, 'అర్థమైందిలే, కూర్చో' అన్నారు. ఇంత సిగ్గు నేను పుట్టి ఎరగను మాస్టారూ."

"నేను శనివారం ఎరిగాను," అన్నాడతను.

ఆమెకి నవ్వొచ్చింది. శనివారం నాడు గ్రౌండంతా నవ్వినప్పుడు ఆపుకున్న నవ్వు కూడా అందులో కలిసింది. టక్, టుక్ అని చేత్తో టేబుల్ మీద వాయించి మరీ నవ్వింది. అతను కూడా నవ్వాడు. ఆ నెలలో అతను నొప్పి లేకుండా చేసిన పని అదొక్కటే.

తర్వాత ఆమె బీరువా పక్క అరలోంచి ఒక దుప్పటి తీసింది. కుర్చీ ఎక్కి, అద్దాలు పై నుంచి కింద దాకా కనపడకుండా కప్పేసింది.

"ట్రెడ్‌మిల్ ఎక్కండి. పరుగు లేదు, నడకే. మళ్ళీ మొదటి నుంచి."

అతను షూస్ విప్పాడు. ఇవాళ సాక్స్ చిల్లు ఎడమదానికి ఉంది. దాచుకోలేదు.

ఎక్కి నిలబడి ఎదురుగా చూశాడు. దుప్పటి తప్ప ఏమీ లేదు. "ఇప్పుడు ఎటు చూడమంటారు?"

"ఇటే," అంది ఆమె, స్క్రీన్ వెనక నుంచి. ఈసారి తల దించుకోలేదు.

"కాలు కుంటుతుందండీ మరి."

"కుంటనివ్వండి."